సంక్రాంతి సెలవుల్లో ఆల్ప్స్ కొండల్లో రైలు ప్రయాణం: బెర్నినా మార్గమా, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్సా?

పెన్నాతీరం, నెల్లూరు:

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవుల్లో, కనుమ వెళ్లిన మరునాడు బయలుదేరి, మా అమ్మానాన్నలను, నా భార్యను, అయిదో తరగతి చదువుతున్న మా పాపను వెంటబెట్టుకుని స్విట్జర్లాండ్ వెళ్లాలని అనుకుంటున్నాము. నాన్నగారు బొగ్గు ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట లోకో షెడ్డులో చేరి, రైల్వేలోనే పదవీ విరమణ చేశారు. ఇన్నేళ్లలో తన కోసం ఆయన ఏదీ కోరలేదు. మంచు కొండలను రైలు ఎలా ఎక్కుతుందో ఒక్కసారి కళ్లారా చూడాలని మాత్రం ఈమధ్య రెండు మూడు సార్లు అన్నారు. ఆ కోరికను బాగా తీర్చాలన్నదే నా తాపత్రయం.

వారం రోజులకు మించి సెలవు దొరకదు. ఎక్కడ చదివినా గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ అనే రెండు పేర్లే కనిపిస్తున్నాయి. రెండింటిలోనూ వెళ్లాలంటే ప్రయాణమంతా హడావుడి అవుతుందేమోనని భయం. ఒక్కదాన్నే ఎంచుకోవాలంటే ఏది మేలు? అమ్మకు రక్తపోటు ఉంది, పైగా శాకాహారి. ఎత్తైన చోట్లకు తీసుకువెళ్తే ఆమెకు ఇబ్బంది కలుగుతుందా? జనవరిలో మంచు ఎక్కువై రైళ్లు ఆగిపోతాయా? డిసెంబరు చివరిలో వెళ్లడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

గిద్దలూరు రైలుబాట:

పెన్నాతీరం గారికి నమస్కారం. ఉద్యోగరీత్యా కొంతకాలం జ్యూరిక్‌లో ఉన్నవాణ్ని కనుక, ఈ మార్గాల గురించి నాకు తెలిసినంత రాస్తాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతున్నాను. మీకున్న వ్యవధికి బెర్నినా మార్గమే తగినది. అది కూడా ఆ పేరుతో నడిచే, పెద్ద కిటికీలుండే పనోరమా రైలులో ఒక్క బిగిన పోకుండా, అవే పట్టాల మీద నడిచే మామూలు రైళ్లలో మధ్యమధ్య ఆగుతూ వెళ్లండి.

చలికాలపు ప్రయాణంలో అన్నిటికన్నా ముందు లెక్క వేసుకోవలసినది పగటి వెలుతురు. జనవరి మూడో వారంలో అక్కడ ఉదయం ఎనిమిదింటికి గాని సూర్యోదయం కాదు, సాయంత్రం అయిదు దాటగానే సూర్యాస్తమయమవుతుంది. లోతైన లోయల్లో ఎండ అంతకన్నా ముందే కొండ చాటుకు పోతుంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ వరకు 291 కిలోమీటర్లు నడవడానికి దాదాపు ఎనిమిది గంటలు తీసుకుంటుంది. అంటే వెలుతురు ఉన్నంతసేపూ ఒకే సీటులో కూర్చుని ఉండాలి. పెద్దవారికీ పదేళ్ల పిల్లకూ అది చాలా ఎక్కువ. బెర్నినా ఎక్స్‌ప్రెస్ తూర్పు స్విట్జర్లాండ్‌లోని ఖూర్ నుంచి ఇటలీ సరిహద్దు లోపల ఉన్న టిరానోకు నాలుగు గంటలకు కాస్త అటూఇటుగా చేరుతుంది. ఆ నాలుగు గంటల్లో 585 మీటర్ల ఎత్తున ఉన్న ఖూర్ నుంచి 2,253 మీటర్ల ఎత్తున ఉన్న ఓస్పిజియో బెర్నినా స్టేషను దాకా ఎక్కి, మళ్లీ 429 మీటర్ల ఎత్తున ఉన్న టిరానోకు దిగుతారు.

మీ నాన్నగారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. సెయింట్ మోరిట్జ్ నుంచి టిరానో వరకు ఉన్న బెర్నినా లైను 1910లో పూర్తయింది. మీటరు గేజీ లైను, మొదటి నుంచీ విద్యుత్తుతోనే నడుస్తోంది. అక్కడి ఎక్కుడు కొన్ని చోట్ల వెయ్యి మీటర్లకు 70 మీటర్లు, అంటే దాదాపు 14కు 1. అంత ఎక్కుడును పళ్ల పట్టా (ఇంజను కింది పళ్ల చక్రం పట్టుకుని ఎక్కడానికి పట్టాల నడుమ వేసే పళ్ల కమ్మీ) లేకుండా, చక్రానికీ పట్టాకూ మధ్య ఉన్న పట్టుతోనే బండి ఎక్కుతుంది. ఊటీ రైలుకు కల్లార్ నుంచి కూనూరు మధ్య 12కు 1 ఎక్కుడు ఉన్నందున పళ్ల పట్టా తప్పలేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే బెర్నినా లైను వేసినవారి సాహసం ఎంతటిదో ఆయనకు మనకన్నా ముందే అర్థమవుతుంది. ఖూర్ వైపు నుంచి సెయింట్ మోరిట్జ్ చేరే ఆల్బులా మార్గాన్ని, ఈ బెర్నినా మార్గాన్ని కలిపి యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఖూర్ దాటాక వచ్చే లాండ్‌వాసర్ వంతెన ఎత్తు 65 మీటర్లు. వంపు తిరుగుతూనే బండి నిట్టనిలువు కొండ గోడలోని సొరంగంలోకి దూరుతుంది. అందరూ దాని ఫొటోలే తీస్తారు గాని, నా మట్టుకు నాకు ఆ తరువాత వచ్చే బెర్గూన్, ప్రేడా స్టేషన్ల మధ్య దారి ఇంకా గొప్పగా కనిపిస్తుంది. తిన్నగా కొలిస్తే ఆ రెండూళ్ల మధ్య దూరం అయిదు కిలోమీటర్లే, ఎత్తులో తేడా మాత్రం 400 మీటర్లకు పైన. ఆ ఎత్తును అందుకోవడానికి పట్టాలను చుట్టలు చుట్టి, సొరంగాల్లో గుండ్రంగా తిప్పి, పన్నెండు కిలోమీటర్లకు సాగదీశారు. మన దిగువమెట్ట, గాజులపల్లి మధ్య నల్లమల ఘాట్‌లో బండి వంపు తిరిగినప్పుడల్లా అడవి పక్క మారినట్టు, అక్కడ ఇప్పుడే కుడివైపు కనిపించిన ఊరి గుడి గోపురం కాసేపటికి ఎడమవైపు, మరింత కింద కనిపిస్తుంది.

బెర్గూన్‌లో తప్పక దిగండి. స్టేషను పక్కనే రైల్వే మ్యూజియం ఉంది, నాన్నగారు అక్కడ హాయిగా ఒక పూట గడుపుతారు. చలికాలంలో ప్రేడా నుంచి బెర్గూన్ దాకా కొండ రోడ్డును వాహనాలకు మూసి, ఆరు కిలోమీటర్ల పొడవున స్లెడ్జి బండ్ల మీద జారడానికి వదిలిపెడతారు. రైలే జనాన్ని పైకి చేరవేస్తుంది. పాపకు ఈ ఒక్కటి చాలు.

డిసెంబరు చివరి వారం మాత్రం వద్దు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా గదుల అద్దెలు మండిపోతాయి, ఫిబ్రవరిలో అక్కడి పాఠశాలల స్కీయింగ్ సెలవుల రద్దీ మొదలవుతుంది. ఆ రెండింటి నడుమ, సరిగ్గా మన సంక్రాంతి తరువాతి రోజుల్లో, రద్దీ తగ్గి మంచు నిండుగా ఉంటుంది. జ్యూరిక్‌లో దిగగానే పొగమంచు కమ్ముకుని సూర్యుడే కనిపించకపోతే దిగులు పడకండి. చలికాలంలో బరువైన చల్లగాలి పల్లపు ప్రాంతంలో నిలిచిపోయి, దానితో పాటే పొగమంచూ అక్కడే పేరుకుంటుంది. రైలు కొండల్లోకి ఎక్కిన కొద్దీ దాన్ని దాటి ఎండలోకి వెళ్లే అవకాశాలే ఎక్కువ.

రామాయపట్నం కెరటం:

గిద్దలూరు రైలుబాట గారు చక్కగా రాశారు గాని, ఒక విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేను. మా అత్తమామలతో చలికాలంలో వెళ్లినప్పుడు మాకు అన్నిటికన్నా కష్టమైనది సామానుతో రైళ్లు మారడమే. అక్కడ బండి మారడానికి చాలాచోట్ల అయిదారు నిమిషాల వ్యవధే ఉంటుంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో ఒకసారి ఎక్కితే దిగేదాకా మారే పని లేదు, శాకాహార భోజనం కావాలంటే సీటు దగ్గరికే తెచ్చి ఇస్తారు. బెర్నినా ఎక్స్‌ప్రెస్‌లో ఆ వసతి లేదు, చిరుతిండి బండి మాత్రమే తిరుగుతుంది.

రైల్వే పెద్దాయనకు చూపించవలసిన పళ్ల పట్టా ఉన్నది కూడా ఆ దారిలోనే. జెర్మాట్ లోయలోనూ, 2,033 మీటర్ల ఎత్తున ఉన్న ఒబెరాల్ప్ కనుమకు రెండు వైపులా బండి పళ్ల పట్టాను పట్టుకుని ఎక్కుతుంది, దిగుతుంది. స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ రూపొందించిన ఆ పద్ధతే మన ఊటీ రైలుకూ వాడారు. ఊటీ కొండ ఎక్కిన పాత ఆవిరి ఇంజన్లు కూడా స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్ కర్మాగారంలో తయారైనవే. నాన్నగారికి ఈ మాట చెప్పి మరీ తీసుకువెళ్లండి.

మంచుకు రైళ్లు ఆగుతాయా అని అడిగారు. మామూలు హిమపాతానికి ఆగవు, మంచు ఊడ్చే యంత్రాలు రాత్రీపగలూ పనిచేస్తూనే ఉంటాయి. కొండచరియల మీది మంచు విరిగిపడే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం లైను మూసేస్తారు. 2018 జనవరిలో జెర్మాట్‌కు రోడ్డూ రైలూ రెండూ మూతపడి, దాదాపు 13,000 మంది పర్యాటకులు ఊళ్లోనే చిక్కుకుపోయారు. అందుకని తిరుగు విమానానికి ముందు రెండు రాత్రులైనా పల్లపు ప్రాంతంలో ఉండేలా చూసుకోండి. ఏ మార్గంలో వెళ్లినా ఈ జాగ్రత్త మాత్రం విడవకండి.

ఒంగోలు నుంచి ఒక వైద్యురాలు:

అమ్మగారి గురించి రాస్తున్నాను. ఓస్పిజియో బెర్నినా ఎత్తు దాదాపు మన ఊటీ ఎత్తే. ఊటీలో ఆమెకు ఏ ఇబ్బందీ కలగకపోయి ఉంటే, రైలులో కూర్చుని ఆ ఎత్తు దాటిపోవడానికి సాధారణంగా భయపడనక్కరలేదు. చాలామంది ప్రయాణ పథకంలో చేర్చే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషను సంగతి వేరు, దాని ఎత్తు 3,454 మీటర్లు. అక్కడ ప్రాణవాయువు పలచన కనుక మెట్లు ఎక్కినా ఆయాసం వస్తుంది, రక్తపోటు ఉన్నవారు తమ వైద్యుడిని అడగకుండా వెళ్లకూడదు. ఎత్తు కన్నా నేను ఎక్కువగా ఆలోచించేది చలి గురించి. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. సెయింట్ మోరిట్జ్ చుట్టుపక్కల జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు 15, 20 డిగ్రీల దిగువకు పోవడం అరుదేమీ కాదు. కనుక తెల్లవారుజామున, రాత్రిపూట ఆమెను బయట తిప్పవద్దు. ఒక్క మందపాటి కోటు కన్నా పలచని ఉన్ని బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుంటే వెచ్చగా ఉంటుంది, రైలులో వేడికి ఒక పొర తీసేయవచ్చు. డబ్బు మిగల్చాలనుకుంటే కోటు దగ్గర మిగల్చండి గాని, చెప్పుల దగ్గర వద్దు. గట్టిపడిన మంచు మీద జారి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో కోలుకోవడం చాలా కష్టం. లోతైన గాళ్లున్న అడుగు గల బూట్లు తప్పనిసరి. మందులు, వాటి చీటీ చేతి సంచిలోనే ఉంచండి.

యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా అందాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా ఉండాలి. మీరు ఎక్కువ రోజులు ఉండేది స్విట్జర్లాండ్‌లో కనుక ఆ దేశపు వీసాకే వెళ్లండి, టిరానో మీదుగా ఇటలీకి దిగినా అదే చెల్లుతుంది.

తిండి విషయంలో చిన్న హెచ్చరిక. స్విట్జర్లాండ్‌లోకి మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకువెళ్లనివ్వరు. నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలిపెట్టండి. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. కందిపొడి, ఊరగాయ, గోంగూర పచ్చడి పెట్టుకోండి. వంటగది ఉన్న బస తీసుకుంటే బియ్యం, పెరుగు, కూరగాయలు అక్కడి కూప్, మీగ్రోస్ దుకాణాల్లో దొరుకుతాయి.

పెన్నాతీరం, నెల్లూరు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఊటీ ఇంజన్ల మాట చదివి వినిపించగానే నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని పటం ముందు కూర్చున్నారు. పళ్ల పట్టానూ చూడాలంటున్నారు, బెర్నినా ఎక్కుడునూ చూడాలంటున్నారు. అమ్మను ఎనిమిది గంటలు కూర్చోబెట్టకుండా, సామానుతో తిప్పకుండా రెండూ సాధ్యమవుతాయా?

గిద్దలూరు రైలుబాట:

సాధ్యమే. రామాయపట్నం కెరటం గారు చెప్పిన సామాను ఇబ్బంది నిజం. దానికి విరుగుడు ఖూర్‌లోనే వరుసగా నాలుగు రాత్రులు బస చేయడం. జ్యూరిక్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషను ఉంది. జ్యూరిక్‌లో ఒక్కసారి బండి మారితే, అక్కడి నుంచి ఖూర్ గంటంపావు దూరం. ఊరు ఎత్తైనది కాదు కనుక సెయింట్ మోరిట్జ్ అంతటి చలి ఉండదు, గదుల అద్దె కూడా తక్కువ. సామాను గదిలో వదిలి, ఒక రోజు బెర్గూన్ వెళ్లి రండి. వాతావరణం తేటగా ఉన్న మరో రోజు మామూలు రైలులో రైన్ నది లోయ వెంట డిసెంటిస్ వెళ్లి, అక్కడ బండి మారి ఒబెరాల్ప్ కనుమ మీదుగా ఆండర్‌మాట్ దాకా వెళ్లి రండి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ నడిచేదీ ఆ పట్టాల మీదే, పళ్ల పట్టా కూడా అక్కడే ఉంది. అమ్మగారికి ఆ రోజు ఓపిక లేకపోతే గదిలో విశ్రాంతి తీసుకోవచ్చు, నాన్నగారి కోరిక ఆగదు.

చివరగా సామానుతో ఖూర్ వదిలే రోజు బెర్నినా ఎక్స్‌ప్రెస్‌లోనే సీట్లు రిజర్వు చేసుకుని టిరానో చేరండి. మామూలు రైలే మేలని మొదట అన్నాను గాని, ఆ ఒక్క రోజుకు సామాను దృష్ట్యా బండి మారని రైలే నయం. ఖూర్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు సీట్లు అడగండి. లాండ్‌వాసర్ వంపు, మోర్టెరాచ్ హిమనదం, గడ్డకట్టిన లాగో బియాంకో సరస్సు, బ్రూసియో దగ్గర బండి తన చుట్టూ తానే తిరిగి దిగే రాతి వంతెన అటువైపే బాగా కనిపిస్తాయి. టిరానో నుంచి మిలాన్‌కు కోమో సరస్సు ఒడ్డున రెండున్నర గంటల ప్రయాణం. అక్కడ రెండు రాత్రులు ఉండి విమానం ఎక్కండి. జనవరిలో టిరానో నుంచి లుగానోకు బెర్నినా బస్సు నడవదు కనుక ఆ దారి పెట్టుకోవద్దు.

టికెట్ల విషయానికొస్తే, స్విస్ ట్రావెల్ పాస్ వరుసగా 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. మీకు ఆరు రోజులది సరిపోతుంది, టిరానో వరకు చెల్లుతుంది. పాస్ ఉన్నా బెర్నినా ఎక్స్‌ప్రెస్ సీటు రిజర్వేషన్‌కు విడిగా చెల్లించాలి, మిలాన్‌కు ఇటలీ టికెట్ వేరే కొనాలి. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రులతో ఉచిత ప్రయాణం కల్పించే ఫ్యామిలీ కార్డు ఉంది, పాస్ కొనేటప్పుడే పాప పేరిట దాన్ని అడిగి తీసుకోండి. డిసెంబరు రెండో శనివారం మరునాడు అక్కడి రైళ్ల టైంటేబుల్ మారుతుంది. కనుక ఇప్పుడు చూసిన వేళలనే నమ్ముకోకుండా, ఆ తేదీ తరువాత స్విస్ రైల్వేల ఎస్‌బీబీ యాప్‌లో మరొకసారి సరిచూసుకోండి.