జిల్లా విడిపోయినా జడ్పీ ఒక్కటే ఎందుకు?

ప్రశ్న (నరసరావుపేట నుంచి):
2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కార్యాలయం మా ఊరికే వచ్చింది గాని, జిల్లా పరిషత్తు మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. మా మండలంలోని జడ్పీ ఉన్నత పాఠశాలకు ప్రహరీ గోడ కావాలని అర్జీ పెట్టదలచాము. నిర్ణయం చైర్‌పర్సన్ గారిదా, సీఈవో (ముఖ్య కార్యనిర్వహణాధికారి) గారిదా, కలెక్టరు గారిదా? తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం 1:
2021లో జడ్పీటీసీ (జిల్లా పరిషత్తు ప్రాదేశిక నియోజకవర్గ) ఎన్నికలు పాత 13 జిల్లాల ప్రాతిపదికన జరిగాయి. ఎన్నికైన పాలకవర్గానికి రాజ్యాంగం ఐదేళ్ల కాలం ఇచ్చింది కనుక, జిల్లాలు పెరిగినా ప్రభుత్వం పాత పరిషత్తులనే కొనసాగించింది. అందువల్ల పల్నాడు మండలాలు ఇప్పటికీ 57 మండలాల పూర్వ గుంటూరు జడ్పీ కిందికే వస్తాయి.

మండలానికి ఒక్క జడ్పీటీసీ సభ్యుణ్ని ఓటర్లు పార్టీ గుర్తుపై నేరుగా ఎన్నుకుంటారు. ఆ సభ్యులు తమలో ఒకరిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా సభ్యులే అయినా ఈ ఎన్నికలో వారికి ఓటు లేదు. సీఈవో ప్రభుత్వం నియమించే అధికారి. తీర్మానాలను అమలు చేయడం, కార్యాలయాన్ని నడపడం ఆయన బాధ్యత.

సమాధానం 2 (జడ్పీ విశ్రాంత ఉద్యోగి):
పై వివరణ సరైనదే గాని, అసలు పని జరిగే చోటు స్థాయీ సంఘాలు, అంటే జడ్పీ సభ్యులతో ఏర్పడే విషయాలవారీ కమిటీలు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అవి ఏడు: ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. కలెక్టరు వీటన్నిటిలోనూ సభ్యుడు. గుంటూరు, పల్నాడు, బాపట్ల అనే మూడు జిల్లాల అధికారులు ఒకే పరిషత్తుకు జవాబు చెప్పవలసి రావడం వల్ల, సమావేశానికి ఏ శాఖాధికారి ఏ జిల్లా నుంచి రావాలన్నదే ఒక చిక్కుగా మారింది. దీనివల్ల సభ్యుల ప్రశ్నలకు పదును తగ్గుతుందన్నది నా బాధ.

డబ్బు విషయం కూడా గమనించండి. ఇంటి పన్ను గ్రామ పంచాయతీ వసూలు చేస్తుంది, జడ్పీకి అలాంటి పన్ను లేదు. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే ఆర్థిక సంఘాల్లో 14వది తన గ్రాంట్లను గ్రామ పంచాయతీలకే పరిమితం చేయగా, 15వ ఆర్థిక సంఘం మండల, జిల్లా పరిషత్తులకు మళ్లీ వాటా కల్పించింది. సాధారణ నిధుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, మహిళా శిశు సంక్షేమానికి 15 శాతం ముందే కేటాయించాలి కాబట్టి, గోడలకూ గదులకూ మిగిలేది స్వల్పమే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఉపాధ్యాయుల పీఎఫ్ ఖాతాలు కూడా గుంటూరులోనే ఉన్నాయా?

సమాధానం 2 (మళ్లీ):
అవునండీ. జడ్పీ, మండల పరిషత్ బడుల ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వ ఖజానా నుంచే వస్తుంది గాని, పీఎఫ్ ఖాతాలను జడ్పీ కార్యాలయమే చూస్తుంది.

ఇక మీ ప్రహరీ గోడ సంగతి. పంచాయతీరాజ్ ఇంజనీర్ల చేత అంచనా వేయించి, ప్రధానోపాధ్యాయుల లేఖతో పాటు దాన్ని మీ జడ్పీటీసీ సభ్యునికి అందజేయండి. మూడు నెలలకోసారి జరిగే సర్వసభ్య సమావేశానికి ముందే ఇస్తే, ఆ అంశాన్ని సభలో లేవనెత్తే అవకాశం ఆయనకు ఉంటుంది. అర్జీ ప్రతి ఒకటి సీఈవో కార్యాలయంలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి.