మాల్ పార్కింగ్‌ల కార్ల పోటీ: కోన్ల కాడ నిలబడే మనుషులు కావాలె

నల్లగొండ (సమన్వయం):
అందరికి నమస్తె. నాయిన కంటి ఆపరేషన్ కోసం నల్లగొండకు వచ్చి పది రోజులైంది. నేనిక్కడున్నా, అమెరికాల మనోళ్లం తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం వారం ఖాళీ మాల్ పార్కింగ్‌ల పెట్టుకున్న కార్ల పోటీ పని ఆగొద్దని రాస్తున్న. ఇప్పటిదాక కారు నడుపుతమని పేరిచ్చినోళ్లు 31 మంది. మైదానంల నిలబడతమన్నోళ్లు 6 మంది. ఈ లెక్కతోని పోటీ పెట్టలేం.

కొత్తగ చేరినోళ్ల కోసం ఒకసారి చెప్త. ఇది కార్లు ఒకదాన్నొకటి దాటుకుంట పోయే రేసు కాదు. రబ్బరు కోన్లు నిలబెట్టి దారి చూపెడతరు, దీన్ని ఆటోక్రాస్ అంటరు. మేళ్లచెరువు శివరాత్రి జాతరల ఎడ్ల బండ లాగుడు చూసినోళ్లకు చప్పున అర్థమైతది. ఒకసారికి ఒక్క జతే బరిలకు దిగుతది గదా, ఇక్కడ గూడ ఒకసారికి ఒక్క కారే. అక్కడ ఇచ్చిన టైంల ఎంత దూరం లాగినయో కొలుస్తరు, ఇక్కడ దూరం అందరికి ఒక్కటే, పట్టిన టైం కొలుస్తరు. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఎడ్లను విడదీసినట్టే కార్లను తరగతులుగ విడదీస్తరు. ఇంటి కారు కామ్రీకి స్పోర్ట్స్ కారు ముస్టాంగ్‌తోని పోటీ ఉండదు. ఒక్కో పరుగు నిమిషం లోపే అయిపోతది.

మనం స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా సోలో నిబంధనలే పాటిస్తం, సోలో అంటె ఆ క్లబ్బు ఆటోక్రాస్‌కు పెట్టుకున్న పేరు. కోన్ ఎక్కడ పెట్టాల్నో అక్కడ దాని అడుగు చుట్టు సుద్దతోని చదరం గీస్తరు. కోన్ కూలినా, నిలబడే ఉండి ఆ గీతల నుంచి పూర్తిగ బయటికి జరిగినా టైంకు 2 సెకన్లు కలుస్తయి. గీత మీదనే నిలబడ్డదంటే ఏం కలవదు. ఆ తేడా చూసేది, రేడియోల చెప్పేది, ఉరికిపోయి కోన్‌ను మళ్ల గీతల నడుమ నిలబెట్టేది మైదానంల ఉన్న మనిషే. దారిల ఏదన్న అడ్డమొస్తే ఎర్రజెండా ఎత్తేది గూడ ఆ మనిషే.

మొన్న మిర్యాలగూడ దిక్కు పోయొస్తుంటే రోడ్డు సగం దాక యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నయి. అంచు పొంట వరుసగ రాళ్లు. మా చిన్నాయిన పడ్డది గసుంటి రాయి తాకే. వడ్లు ఎత్తుకపోయిన్రు, ఒక్క రాయి మిగిలిపోయింది. రాత్రి బండి మీద వస్తుంటే కనబడలే. మెడ కింది ఎముక విరిగి మూడు నెలలు మంచంల ఉన్నడు. ఆరబోసినోళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకు కళ్లం జాగ లేకనే రోడ్డెక్కిన్రు. గని ఆ రాయి తీసే మనిషి ఒక్కడు ఉండాల్సింది. జరిగిన కోన్ కాడ మనిషి లేకుంటే వెనుకొచ్చే డ్రైవర్ తప్పుదారిల మలుగుతడు. అందుకే గింత గట్టిగ అడుగుతున్న.

వనపర్తి అక్క:
తమ్మీ, ఆదివారం నేను, మా ఆయన మాల్ కాడికి పోయి టేపు పట్టి కొలిచొచ్చినం. 2018ల సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ దివాలా పిటిషన్ వేసినంక ఇసుంటి జాగలు చాన ఖాళీ అయినయి గని, ఖాళీ అంటె శుభ్రమని కాదు. తారు పగుళ్లల్ల మోకాలెత్తు గడ్డి లేసింది. పాత టైర్ల షాపు ముంగట నేల కుంగింది, ఆ మూల వద్దేవద్దు. వాన నీళ్ల జాలీ ఒకటి రెండంగుళాలు లోపలికి దిగి ఉంది, చక్రం పడితే రిమ్ము పోతది. లైటు స్తంభాల కింద సిమెంటు దిమ్మెలున్నయి. వాటికి 25 అడుగుల దూరం ఇడిచి దారి గియ్యాలె. అట్ల ఇడిస్తే మనకు దక్కేది సగం జాగనే.

కంకర, గాజు పెంకులు మస్తుగున్నయి. ముందురోజు కళ్లం ఊడ్చినట్టు ఊడ్వాలె. ఆకులూదే మిషన్లు ఎవరింట్ల ఉన్నయో చెప్పున్రి. జాగ ఓనరు తన పేరు గూడ చేర్చిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడిగిండు. మాల్‌కు తాళమేసి ఉంది, నీళ్లు లేవు, అద్దె టాయిలెట్లు తెప్పియ్యాలె.

సూర్యాపేట తమ్ముడు:
అన్నా, సగం జాగనే అయినా అటు చివర నుంచి ఇటు చివరకు ఒక్క తిన్నటి దారి పెడదాం. 1981, 82ల లాస్ వేగస్‌ల సీజర్స్ ప్యాలెస్ పార్కింగ్‌లనే ఫార్ములా వన్ నడిచింది. 2023 ఫిబ్రవరిల మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల రేసు చూసిన్నాడే ఫిక్సయిన, స్పీడ్ లేంది జనం రారు.

నల్లగొండ (సమన్వయం):
తమ్మీ, నీ ఉషారు నాకు కావాలె. గని ఆ రెండు కాడ కార్లకూ జనానికీ నడుమ గోడలున్నయి. మనకున్నది రబ్బరు కోన్లే. తిన్నటి దారి ఎక్కువైతే కారు హైవే వేగం దాటుతది, చివర ఆగనీకె జాగుండదు. స్లాలంల, అంటె వరుస కోన్ల నడుమ అటొకసారి ఇటొకసారి మలుగుకుంట పోయే కాడ, కోన్‌కు కోన్‌కు 45 అడుగులకు తగ్గకుండ పెడదాం, మలుపులతోనే మజా వస్తది. దారి గీసే పని నువ్వే తీసుకో, అక్క కొలతలు పంపుతది.

మనుషుల సంగతి నేనిట్ల అనుకుంటున్న. 31 మందిని మూడు జట్లు చేద్దాం. ఒక జట్టు నడుపుతుంటే ఇంకో జట్టు కోన్ల కాడ, మూడోది నీడకు. అయిదు తావుల్ల తావుకు ముగ్గురు, మొదలు కాడ ఒకరు, మొత్తం 16. జట్టు నుంచి 10 మంది, ఇప్పుడున్న 6 మంది కలిస్తే సరిపోతది. గని ఆ 6 మందిని పొద్దంత ఎండల ఉంచలేం. మార్చుకోనీకె ఇంకో 6 మంది కావాలె.

కల్వకుర్తి వదిన:
కారు నడపనీకె 60 డాలర్లు కట్టినోళ్లను ఎండల నిలబెడితే కొందరు వెనుకకు పోతరు మరిది. ఆ పైసలు మనం బడికి పెట్టియ్యాలనుకున్న కంప్యూటర్ గదికి గదా.

నల్లగొండ (సమన్వయం):
నిజమే వదినా, ఆ గది నాకూ కావాలె. గని అక్కడి క్లబ్బులల్ల నడిపినోడే నిలబడుడు మొదటి నుంచీ ఉన్న పద్ధతి. నిలబడనన్నోళ్లకు పైసలు వాపస్ ఇద్దాం, నడపనియ్యొద్దు.

బండి తనిఖీల చక్రాల నట్లు, బ్యాటరీ బిగింపు, సీటు బెల్టు చూడాలె, యాక్సిలరేటర్ వదిలితే వెంటనే పైకొస్తుందా చూడాలె. లోపలి సామాను మొత్తం తీసెయ్యాలె, కాళ్ల కింది చాపలు, పిల్లల సీట్లతో సహా. నీళ్ల సీసా దొర్లి బ్రేకు కింద ఇరుకుతది. హెల్మెట్ లేనిది దారిల దిగొద్దు. ఎత్తు ఎస్‌యూవీలు, మినీవ్యాన్లు బోల్తా పడతయని మనం రానిస్తలేం. పిల్లలు తాడు ఇవుతలనే ఉండాలె, ముందురోజు సుద్ద గీసే పని వాళ్లకిద్దాం.

వనపర్తి అక్క:
చల్ల, మక్క గుడాలు నేను తెస్త. మా ఆయన పేరు రాసుకో, మా పక్కింటి మక్తల్ పిల్లోడి పేరు గూడ.

సూర్యాపేట తమ్ముడు:
అన్నా, దారి మళ్ల గీస్తున్న. నాతోని ఇద్దరు దోస్తులొస్తరు, వాళ్లు నడపరు, నిలబడతరు.

నల్లగొండ (సమన్వయం):
నాలుగు పేర్లైనయి. ఇంకా ఇద్దరు కావాలె. 28 నాటికి నేనొస్త, ఆ శనివారం చీపుర్లు పట్టుకోని పొద్దుగాల ఏడింటికి మాల్ కాడ కలుద్దాం.