సముద్రంలో పోయిన అన్నయ్య, సంఘంలో వినాల్సొస్తున్న మాటలు

జాలారి తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది విశాఖ పెదజాలారిపేట. కిందటేడు వేట నిషేధం జూన్ 14తో అయిపోగానే మా అన్నయ్య కలాసీగా, అంటే బోటు మీద పనివాడిగా, హార్బర్‌లో బోటెక్కాడు. రాత్రిపూట వల లాగుతూ జారి పడిపోయాడట. బోటు వాళ్ళు వెతికారు, తర్వాత కోస్ట్ గార్డ్ వాళ్ళూ వెతికారు. శవం దొరకలేదు. ఏడాది దాటింది.

వదిన ఇప్పటికీ రాత్రి ఓ గిన్నెలో అన్నం తీసి మూత పెడుతుంది. పొద్దున్న ఆ చద్దన్నం తనే తింటుంది. మేమెవ్వరం ఏమీ అనం. జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే, "పెడితే నా చేత్తో నేనే చంపినట్టు" అంటుంది.

మా చర్చి సంఘంలో ఓ పెద్దాయన "ఆదివారం మందిరం మాని వేటకెళ్ళేవాడు, అందుకే" అన్నాడు. ఇంకొకావిడ "యోనాని చేప ఒడ్డున కక్కలేదా? విశ్వసించు, నీ భర్త తిరిగొస్తాడు" అని ప్రవచనం చెప్పింది. మొదటి మాటకి వదిన ఏడ్చింది. గిన్నె పెట్టడం మాత్రం రెండో మాట విన్న రోజు నుంచే. నాకు ఆ రెండో ఆవిడ మీదే కోపమెక్కువ.

దేవుడి మీద కూడా ఉంది, దాచను. అయినా ఆరాధనకి వెళ్తూనే ఉన్నా. వదిన నిరీక్షణ చంపకుండా ఆ గిన్నె ఎలా మాన్పించాలి?

వాల్తేరు టీచరమ్మ:
నాయనా, ముందు ఆ పెద్దాయనకి లూకా 13 చదివి వినిపించు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు 7 రోజులు మాటాడకుండా పక్కన కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే వచ్చింది చిక్కు. చివర్లో దేవుడి కోపం రగిలింది వాళ్ళ మీద, గోల పెట్టిన యోబు మీద కాదు.

నీ కోపానికి 88వ కీర్తన ఉంది. చీకటితోనే ఆగిపోతుంది, ఓదార్పు ముక్క ఒక్కటీ ఉండదు చివర్లో. మా ఆయన కేన్సర్‌తో పోయిన ఏడాది స్తుతి పాటలు నా గొంతులోంచి రాలేదు. ఆ కీర్తన మాత్రం గట్టిగా చదివేదాన్ని. పక్కవాటా వాళ్ళు ఏమనుకున్నారో మరి!

గాజువాక విశ్వాసి:
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. రోమా 8:28 పట్టుకోండి, సమస్తమూ మేలుకే. 3 రోజులు ఉపవాసముంటే కారణం దేవుడే బయలుపరుస్తాడు.

జాలారి తమ్ముడు:
బ్రదర్, ఆ వచనం చాలామంది చెప్పారు. అన్నయ్య మునిగిపోవడమే మేలు అని అందులో లేదు కదా. కారణం తెలిస్తే మాత్రం వదిన ఏం చేసుకుంటుంది?

హార్బర్ గుమాస్తా:
ప్రార్థన సంగతి పెద్దలు చెప్తారు, నేను కాగితాల సంగతి చెప్తా. పోలీసు ఫిర్యాదు కాపీ ఉందా? తోటి కలాసీల చేత రాయించారా? మనిషి కబురు తెలియకపోతే చట్టం మామూలుగా 7 ఏళ్ళ తర్వాతే చనిపోయినట్టు భావిస్తుంది. కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యముంటే అన్నాళ్ళు ఆగకుండా దారి దొరుకుతుందేమో, లాయర్ని అడగండి. కలాసీలు ఒక్క బోటు మీద ఉండరు, ఊళ్ళు మారిపోతారు. తొందరపడండి.

మంగమారిపేట అక్క:
తమ్ముడూ, మా ఆయనా గంగలోనే, అదే సముద్రంలోనే పోయాడు. మాకూ శవం లేదు. కూడికలో పాస్టరు గారు ప్రకటన 20:13 చదివారు, "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను" అని. సమాధి లేనోళ్ళు కూడా దేవుడి లెక్కలో ఉన్నారని ఆరోజే తెలిసింది నాకు. గుమ్మంలోకి వస్తాడని చూడ్డం మానేశాను. లేస్తాడని నమ్ముతున్నాను. ఏడుపు తగ్గిందా అంటే, లేదు.

గిన్నె నువ్వు మాన్పించకు. నేను ఆయన చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి మడత పెట్టేదాన్ని చాలాకాలం. మా అత్త చూసీ చూడనట్టు ఊరుకుంది కాబట్టే మానగలిగాను. ఆ ప్రవచనాలావిడని మాత్రం గడప తొక్కనివ్వకు. ఏటనుకున్నా పర్లేదు.

జాలారి తమ్ముడు:
గుమాస్తా గారూ, ఇద్దరు కలాసీలు ఇక్కడే ఉన్నారు, ఇంకొకడు పారాదీప్ వెళ్ళిపోయాడు. రేపే ఫోన్ చేస్తా. అక్కా, ఓసారి మా వదినతో మాట్లాడతారా? వాక్యమేం చెప్పక్కర్లేదు. ఆ చొక్కాల సంగతి చెప్పండి చాలు.