చిత్తూరు నాగయ్య గారు దర్శకత్వం చేయకుండా ఉండాల్సిందా?

కొండమిట్ట పాఠకుడు, చిత్తూరు:
నాగయ్య గారు పుట్టింది రేపల్లెలో. ఇక్కడ రామవిలాస సభ నాటకాల్లో వేషాలు వేశాక మన ఊరి పేరే ఆయన పేరు ముందు చేరింది. అభిమానంతోనే అడుగుతున్నాను. నిర్మాణం, దర్శకత్వం నెత్తిన వేసుకోకుండా నటనకే పరిమితమై ఉంటే చివరి రోజుల్లో అన్ని చిన్న వేషాలు వేయాల్సి వచ్చేదా? ‘త్యాగయ్య’ (1946), ‘నా ఇల్లు’ (1953), ‘భక్త రామదాసు’ (1964) తీశారు. జనానికి గుర్తున్నది మొదటిదే.

అలిపిరి దారి, తిరుపతి:
డబ్బు పోయింది కాబట్టి దర్శకుడు కాకూడదంటే నేను ఒప్పుకోను. ఆయన చేతికి ఎముక లేదు. సినిమా తీయకపోయినా ఆ డబ్బు నిలిచేది కాదు.

మొన్న రాత్రి ఇంట్లో ‘త్యాగయ్య’ పెట్టాను. అమ్మ పళ్లెం ముందు పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. ‘నిధి చాల సుఖమా’ మొదలయ్యేసరికి ఆమె చేయి ఆగిపోయింది. పాట అయ్యేదాకా గింజ పళ్లెంలో పడలేదు. ఆయన అక్కడ ఎవరికో జవాబు చెబుతున్నట్టు పాడరు, తనను తాను అడుగుతున్నట్టు పాడతారు. విద్వాంసుడి కథలో గొంతు చూపించుకోవాలని ఏ గాయకుడికైనా ఉంటుంది. దర్శకుడు నాగయ్య ఆ కోరికను నటుడు నాగయ్య దగ్గరికి రానివ్వలేదు.

మురకంబట్టు, చిత్తూరు:
దర్శకుడు కె.వి.రెడ్డి గారి ‘భక్త పోతన’ 1940ల తొలినాళ్లలో, ‘యోగి వేమన’ 1947లో వచ్చాయి. నడుమ ‘త్యాగయ్య’. నటుడు ఒక్కరే కాబట్టి పోల్చి చూడవచ్చు. వేమనలో అన్న కూతురు జ్యోతి చనిపోయాక ఆ మనిషి విరిగిపోవడం మనకు కళ్లలోనే తెలుస్తుంది. ‘త్యాగయ్య’లో కీర్తన మీద కీర్తన. ‘ఇక చాలు’ అని చెప్పడానికి పక్కన మరో దర్శకుడు ఉండాల్సింది.

అలిపిరి దారి, తిరుపతి:
కె.వి.రెడ్డి గారి గొప్పతనాన్ని కాదనను. వేమన కథలో మలుపులున్నాయి. త్యాగరాజు జీవితంలో ఏముంది? రాముడు, ఇల్లు, కావేరి, పాట. కీర్తనలు తగ్గిస్తే మిగిలేది అన్నదమ్ముల తగాదా ఒక్కటే. అది తెలిసే నాగయ్య గారు కథను పాటల చేత నడిపించారు.

‘రామదాసు’ విషయంలో మాత్రం రెండు పనులూ ఒక్కరే చేయకూడదన్న మీ మాట నిజం. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. దర్శకత్వం తన దగ్గరే ఉంచుకుని, ఆ వేషం మరొకరికి ఇచ్చి ఉండాల్సింది.