ఐప్టేసియా అనే చీడ జీవిని గీకి తీసేయవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. నా దగ్గర 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, కొన్ని మెత్తని పగడాలు, జోయాలు (గుంపుగా పెరిగి పూలలా విచ్చుకునే చిన్న పగడపు జాతి జీవులు) ఉన్నాయి. ఈ మధ్య తెచ్చిన ఒక ఫ్రాగ్ (పెంచడానికి కోసిన పగడపు ముక్క) అతికించి ఉన్న ప్లగ్ అనే చిన్న దిమ్మె అంచున లేత గోధుమరంగులో, గాజులా కనిపించే చిన్న జీవి మొలిచింది. సన్నని కాడ, పైన పొడవాటి స్పర్శకాలు. వేలు దగ్గరకు తెస్తే చటుక్కున ముడుచుకుంటుంది. ఇప్పుడు లైవ్ రాక్ (ట్యాంకులో పేర్చిన సముద్రపు రాయి) మీద కూడా పది పన్నెండు కనిపిస్తున్నాయి. వాటి పక్కనున్న జోయాలు విచ్చుకోవడం లేదు. బ్లేడుతో గీకి తీసేయవచ్చా?

మొదటి సభ్యుడి జవాబు:
బ్లేడు జోలికి వెళ్లకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఐప్టేసియావే. అది పక్కనున్న పగడాలను కుట్టే చీడ అనిమోన్, అంటే రాయికి అతుక్కుని బతికే మెత్తని సముద్రజీవి. దాని పాదం నుంచి ఊడిన చిన్న ముక్క కూడా మళ్లీ పూర్తి అనిమోన్‌గా ఎదుగుతుంది. గీకడమంటే ట్యాంకంతా విత్తనాలు చల్లడమే. స్పర్శకాలు పొట్టిగా ఉండి, కొసలు ఉబ్బి ఉంటే అది మజానో అనే మరో చీడ అనిమోన్ కావచ్చు. ఈకల్లాంటి కిరీటంతో గొట్టంలో ఉంటే అది ఏ హానీ చేయని గొట్టపు పురుగు, దాన్ని వదిలేయండి.

మరొకరి జవాబు:
ఇంత ఆలోచన ఎందుకు? రాయి బయటకు తీసి మరిగే నీళ్లలో వేస్తే అన్నీ చస్తాయి.

మొదటి సభ్యుడు:
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. కొన్ని జోయాల్లో, వాటి దగ్గరి బంధువులైన పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని మరిగిస్తే ఆ విషం ఆవిరి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. వేడికి ఆ విషం తేలిగ్గా విరగదు కూడా.

పది పన్నెండే కాబట్టి కాల్క్‌వాసర్ ముద్ద చాలు. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిలో కొద్దిగా ఆర్‌ఓ నీళ్లు కలిపి, సిరంజిలోంచి జారేంత చిక్కగా చేసుకోండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, అది ఘాటైన క్షారం. పంపులన్నీ ఆపి, నీరు నిలకడగా అయ్యాక సిరంజి కొసను మెల్లగా దాని నోటి దగ్గరకు తీసుకెళ్లండి. తొందరపడి తగిలిస్తే రంధ్రంలోకి దూరిపోతుంది, ఇక ఆ పూటకు దొరకదు. అనిమోన్ మొత్తం కప్పుకునేలా ముద్ద పెట్టి, పావుగంట ఆగి, మిగిలినదాన్ని సన్నని గొట్టంతో లాగేయండి. పగడాల మీద పడనివ్వకండి. ఒక్కరోజే అన్నింటికీ పెడితే పీహెచ్ ఎగబాకుతుంది, అందుకే రోజుకు రెండు మూడింటితో సరిపెట్టండి. లోతు పగుళ్లలో ఉన్నవి మళ్లీ తల ఎత్తుతాయి. వారం తర్వాత మరోసారి వెతకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పెప్పర్‌మింట్ రొయ్యలు తెస్తే ఈ శ్రమ తప్పుతుందా? చేపల కోసం కొన్న రాగి మందు కూడా ఇంట్లో ఉంది.

మొదటి సభ్యుడు:
రాగి మందు ఈ ట్యాంకులో చుక్క కూడా వేయకండి. పగడాలు, నత్తలు, రొయ్యలు అన్నీ పోతాయి. రాళ్లు దాన్ని పీల్చుకుంటే తర్వాత వదిలించుకోవడం కష్టం.

రొయ్యల సంగతి వేరు. చిన్న ఐప్టేసియాలను కొన్ని రొయ్యలు తింటాయి, కొన్ని కన్నెత్తి చూడవు. కొనేటప్పుడు మూపు ఎత్తుగా, ఎర్రటి ఒంటిపై తెల్లటి గీతలతో ఉన్నది కనిపిస్తే తీసుకోకండి. అది కామెల్ రొయ్య, మీ జోయాలనే తినేస్తుంది. ఐప్టేసియాను తినే కాపర్‌బ్యాండ్ చేపకు ఈ ట్యాంకు చిన్నది, పైగా దానికి తిండి అలవాటు చేయడం పెద్ద పని.

మూడో సభ్యుడు:
బెర్గియా సముద్రపు స్లగ్ గురించి ఎవరూ చెప్పలేదు. దానికి ఐప్టేసియా తప్ప వేరే ఆహారం లేదు, రాత్రిపూట తిరిగి పగుళ్లలోని వాటినీ తింటుంది. కానీ రొయ్యలతో కలిపి పెట్టవద్దు, అవి దీన్నే తినేస్తాయి. పది పన్నెండు ఐప్టేసియాలకు తేవడం కూడా అనవసరం, అవి అయిపోగానే ఆకలితో చస్తుంది. వందల్లో పెరిగినప్పుడు దీనికి సాటి లేదు.

మొదటి సభ్యుడు:
నిజమే. ఇప్పటికి ముద్దే మేలు. ఆ ఫ్రాగ్‌ను మాత్రం బయటకు తీసి, తొడుగులు, అద్దాలు వేసుకుని, పాత ప్లగ్ నుంచి పగడాన్ని వేరు చేసి కొత్త ప్లగ్‌కు అతికించండి. పగడాలను ముంచే మందులకు ఐప్టేసియా సాధారణంగా చావదు. కాబట్టి ఇకపై తెచ్చే ప్రతి ఫ్రాగ్‌కూ ప్లగ్ మార్చి, కొన్ని వారాలు విడి ట్యాంకులో ఉంచి చూడండి.