కౌలు పొలంలో దొరికిన డచ్ కాసు ఎవరిది?

బందరు_కుర్రాడు: మా మామయ్య బందరు దగ్గర కౌలుకు చేస్తున్న పొలంలో కోతలయ్యాక సరదాగా మెటల్ డిటెక్టర్ తిప్పాను. జానెడు లోతులో మూడు 1840 విక్టోరియా వెండి రూపాయలు, డచ్ ఈస్టిండియా కంపెనీ గుర్తు, అంటే వీ-ఓ-సీ అక్షరాలు పెనవేసుకున్న డచ్ రాగి కాసు ఒకటి దొరికాయి. ఎవరికైనా చెప్పాలా?

గోదారి_గట్టు: ముందు చింతపండుతో తోమకండి.

నాణేల_నాని: చెప్పాలి. 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు.

పల్నాటి_పెద్దబ్బాయి: డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దం నుంచీ బందరులో వ్యాపారం చేశారు. అరిగిపోయిన ఆ రాగి ముక్క పది రూపాయలు చేస్తుందా? చెప్పక్కర్లేదు.

నాణేల_నాని: వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. ఒక్కటి చాలు, పది దాటడానికి.

పల్నాటి_పెద్దబ్బాయి: నేనన్నది రాగి కాసు గురించి. అన్నీ ఒకే గుంటలో దొరికాయని ఆయన రాశాడా? చదవడం నేర్చుకోండి.

నాణేల_నాని: మీరే చట్టం చదవండి. సర్కారు తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది. తీసుకోకుండా, హక్కుదారుడు లేడని తేలితే దొరికినవాడికి ముప్పావు, భూమి యజమానికి పావు. ముందే ఒప్పందం ఉంటే వేరు.

పల్నాటి_పెద్దబ్బాయి: పొలం పాస్‌బుక్ నా పేరున ఉంటే నాకు పావా?! మా పొలంలో దొరికిన కాసులు కౌలుదారు అమ్ముకుని బండి కొన్నాడు. అడిగితే మిర్చి డబ్బులన్నాడు!

కౌలు_రైతు_బిడ్డ: మిర్చి డబ్బులే అయ్యుంటాయి. కౌలుదారుగా సర్కారు గుర్తించే కౌలు కార్డుకు ఆయన కోసం మీరు సంతకం పెట్టారా? మా నాన్నకు ఏ ఓనరూ పెట్టలేదు. బ్యాంకు లోను లేదు, తుపానొస్తే పరిహారం కూడా ఓనరు ఖాతాలోకే. అప్పుడు గుర్తురాని లెక్కలు కాసులు దొరికితే వస్తాయా?

పల్నాటి_పెద్దబ్బాయి: సంతకం పెడితే రేపు పొలమే నాదంటారు. మా బాబాయికి అదే జరిగింది, కోర్టు చుట్టూ తిరిగి తిరిగి పోయాడు.

గోదారి_గట్టు: కాసుల సంగతి గంగలో కలిసింది.

బందరు_కుర్రాడు: మా మామయ్యకూ కార్డు లేదు. నేను కలెక్టరుకు రాస్తే ఓనరుకు తెలుస్తుందా?

నాణేల_నాని: తెలుస్తుంది. హక్కున్నవాళ్లు రావాలని కలెక్టరు ప్రకటన వేస్తారు.

బందరు_కుర్రాడు: అయితే వచ్చే సార్వాకు మామయ్య చేతిలో ఆ పొలం ఉండదు.

పల్నాటి_పెద్దబ్బాయి: అడగకుండా డిటెక్టర్ తిప్పితే నేనైనా ఇవ్వను.