అప్‌డేట్: మా పెరటి పక్షి బ్లాక్‌చిన్డ్ హమ్మింగ్‌బర్డే!

మధ్య టెక్సస్‌లోని మా పెరట్లో చక్కెర నీళ్లు పెట్టే ఫీడర్‌కు వస్తున్న చిట్టి పక్షి రూబీత్రోటెడ్ హమ్మింగ్‌బర్డా, బ్లాక్‌చిన్డా అని కిందటి వారం అడిగాను. వీపు ఆకుపచ్చ, గొంతు తెలుపు. ఆడపక్షి కావచ్చనే వరకే నాకు తెలిసింది. ఈ రెండూ ఆర్కిలోకస్ ప్రజాతివే, పైగా ఆడపక్షులు కవలల్లా ఉంటాయి.

రెక్క చివరి ఈక చూడమన్న వారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలదు. మూడు రోజులు తెల్లవారగానే కెమెరా పట్టుకుని కూర్చున్నాను. పక్షి కొమ్మపై వాలి రెక్కలు ముడిచిన ఒక్క ఫొటోలో అది స్పష్టంగా దొరికింది: అన్నిటికన్నా బయటి ఈక వెడల్పుగా, కొన గుండ్రంగా, కాస్త వంపు తిరిగి ఉంది. రూబీత్రోటెడ్‌కైతే ఆ ఈక సన్నబడుతూ పోతుంది. చక్కెర నీళ్లు తాగుతూ గాలిలో నిలిచినంతసేపూ తోకను ఆడిస్తూనే ఉంది, అదీ బ్లాక్‌చిన్డ్ అలవాటే.

నిన్న సాయంత్రం మగపక్షి కూడా వచ్చింది! గొంతు మొత్తం నల్లగా కనిపించింది. అంతమాత్రాన నిర్ణయించుకోలేదు, ఎందుకంటే నీడలో రూబీత్రోటెడ్ ఎర్రగొంతు కూడా నల్లగానే కనిపిస్తుంది. ఆ మెరుపు ఈకల నిర్మాణం మీద వెలుగు పడే కోణాన్ని బట్టి వస్తుంది. తల తిప్పగానే నలుపు కింద ఊదారంగు పట్టీ ఒక్క క్షణం వెలిగింది. బ్లాక్‌చిన్డ్ మగపక్షికి గుర్తు అదే. ఆ క్షణం నేను ఊపిరి తీసుకోవడం కూడా మరిచాను.

వలస కాలంలో రూబీత్రోటెడ్ పక్షులూ ఇటుగా వెళతాయి కాబట్టి ఫీడర్ తీయడం లేదు.